కదపని సీసా

నీళ్ల కేంద్రంలో ఆమెని అందరూ సీసాలమ్మ అంటారు. కొత్తగా విన్నవాళ్లు ఇంకోలా అనుకునే ప్రమాదం ఉంది గానీ, ఆమె సీసాల్లో ఉండేవి ఉత్త నీళ్లే. ఊరికి వెళ్లే నీళ్లని సీసాల్లో పట్టడం, పరీక్షించడం, వచ్చిన అంకెని కాగితం మీద రాసి కింద సంతకం పెట్టడం. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. ఆ సంతకం విషయంలో ఆవిడకి కాస్త గర్వం కూడా ఉంది. ఉంటే ఉండనివ్వండి, దాని సంగతి తర్వాత తేలుతుంది.

ఆ కేంద్రం నది పక్కనే ఉంటుంది గానీ, నదిలోంచి తిన్నగా ఎవరూ నీళ్లు తోడరు. ఒడ్డుకి నూట యాభై అడుగులు లోపలగా ఎనిమిది బావులు వరసగా ఉంటాయి. వాటిలో మోటార్లు నడుస్తున్నకొద్దీ నది నీరు ఒడ్డు కింది ఇసుకలోంచి పాక్కుంటూ బావుల్లోకి వస్తుంది. ఆ ప్రయాణానికి దగ్గర దగ్గర నెల రోజులు. ఈ నెలలో ఇసుక మురికిని పట్టేస్తుంది, రోగాలు తెచ్చే సూక్ష్మజీవుల్ని ఆపేస్తుంది. బావికి చేరేసరికి నీళ్లు తేటగా ఉంటాయి. ఇంత క్లోరిన్ కలిపి ఊళ్లోకి వదలడమే. మన దగ్గర సెలవు అడగని ఉద్యోగి ఇసుక ఒక్కటేనని ఇంజనీరు తరచూ అంటాడు. అన్నప్పుడల్లా అందరూ నవ్వుతారు, ఇంజనీరు కదా.

సీసాలమ్మకి పని నేర్పింది ఆమెకి ముందు అక్కడ చేసిన పెద్దాయన. ఆయన గీసిన గీత ఆమె దాటదు. "పట్టిన సీసాని ఒక రాత్రంతా బల్ల మీద నిలబెట్టు. పొద్దున దాన్ని కదపకుండా పై నీళ్లు మాత్రం తీసి పరీక్షించు" అన్నాడాయన. దానికో కారణం ఉండేది. ఆ రోజుల్లో మోటార్లు నీళ్లతోపాటు సన్న ఇసుక కూడా తోడేవి. ఆ ఇసుక పరీక్ష యంత్రాన్ని తికమక పెట్టేది. తర్వాత బావుల్లో జల్లెడలు మార్చారు, ఇసుక రావడం ఆగిపోయింది, పెద్దాయన రిటైరయ్యాడు. నియమం మాత్రం రిటైరవలేదు. ఇన్నేళ్లూ దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, అందుకే దాన్ని ఎవరూ మళ్లీ తిరగేసి చూడలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎండాకాలం నెల ముందే వచ్చి తిష్ఠ వేసింది. అవతలి ఒడ్డుకి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి వెళ్లేంతగా నది చిక్కిపోయింది. మధ్యాహ్నం చెయ్యి పెడితే స్నానానికి కాచినట్టు గోరువెచ్చగా తగిలేది. ఎగువ ఊళ్లు వాడి వదిలే నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వచ్చి కలుస్తున్నాయి. వాటిని కలుపుకునే నదే తగ్గింది. అంచుల వెంట పచ్చటి పాచి మందంగా పట్టింది. నీళ్లు చాలవేమోనని అందరూ కంగారుపడ్డారు గానీ, ఉన్న నీళ్లు ఎలా ఉన్నాయని అడిగినవాళ్లు లేరు. సీసాలమ్మ రోజూ రాస్తూనే ఉంది కదా!

ఎండలు ముదిరాక సీసాల అడుగున ఒక నల్లటి మడ్డి కనిపించడం మొదలైంది. ఎక్కువేం కాదు, కాటుక వేలితో రాసినంత. సీసాలు కడిగేది ఒక ముసలాయన. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. పిలుపులో ఉన్న మర్యాద ఆ నెలలో మాటలో తగ్గుతూ వచ్చింది.

"బాబాయ్, సీసాలు సరిగ్గా తోమట్లేదు నువ్వు. అడుగున చూడు, ఎంత మడ్డి ఉందో."

"తోమానమ్మా."

"తోమితే ఇదెక్కణ్ణించి వచ్చింది మరి?"

ఆయన సీసాని కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. "మళ్లీ తోముతాలే" అన్నాడు. మళ్లీ తోమాడు, మడ్డి మళ్లీ వచ్చింది. మూడో వారంలో ఆమె ఓపిక నశించి, మోటార్ల దగ్గరవాళ్లు వింటుండగానే, "చూపు ఆనకపోతే ఆనట్లేదని చెప్పు బాబాయ్, ఇంకొకరిని పెట్టుకుంటాం" అనేసింది.  ముసలాయన సీసాలు బుట్టలో పెట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్లిపోయాడు. సీసాలమ్మ ఎప్పటిలాగే కదపకుండా పై నీళ్లు తీసి పరీక్షించింది. ఎప్పటిలాగే అంకె బాగానే వచ్చింది.

ఇక వదిన సంగతి. సీసాలమ్మకి పదకొండో ఏట తల్లి పోయింది. మరుసటేడు అన్నకి పెళ్లయి వదిన ఆ ఇంటికొచ్చింది. ఆడపడుచుకి జడలు వేసింది, పేలు చూసింది, పరీక్షలప్పుడు పక్కన కూర్చుని తనే ముందు కునికిపాట్లు పడింది. అన్న సంపాదన ఇంటికే బొటాబొటీగా ఉంటే, వదిన ఆసుపత్రి లాండ్రీలో చేరి, దుప్పట్లు ఉతికి, ఆ పిల్లని రసాయనశాస్త్రం చదివించింది. అన్న పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఆ ఇంట్లో వాళ్లిద్దరే. వదిన లాండ్రీలో చేరి ఇరవై ఎనిమిదేళ్లు, తెల్లగుడ్డల విభాగానికి ఇప్పుడు ఆవిడే పెద్ద. ఆపరేషన్ గదికి వెళ్లే ప్రతి గుడ్డా ఆవిడ చేతిమీదుగానే వెళ్లాలి. ఆ విభాగం తాళాల గుత్తి నడుముకి దోపుకుని నడిస్తే, ఆ గలగలకి అక్కడి కుర్రనర్సులు సర్దుకుని నిలబడతారని చెప్పుకునేవారు.

ఒకరోజు పొద్దున టీ తాగుతూ వదిన అంది: "అమ్మాయ్, నీళ్లేమైనా తేడాగా వస్తున్నాయా?"

"ఏం?"

"దుప్పట్ల మీద మరకలు పడుతున్నాయి. టీ ఒలికినట్టు. సరే కదా అని బ్లీచింగ్ కాస్త ఎక్కువ వేస్తే మరక ఇంకా ముదురుతోంది. నా ఇన్నేళ్లలో ఎప్పుడూ చూళ్లేదు ఈ చోద్యం."

సూపరింటెండెంట్ అప్పటికే రెండుసార్లు పిలిచి అడిగాడట. మందు కొలత తప్పుతున్నావు, వయసైంది, చూపు తగ్గింది అన్నాడట. వదిన ఒంటికాలి మీద లేచింది. నా చేతిలో తప్పు లేదు, నీళ్లలోనే ఉంది అని గట్టిగా చెప్పింది. అయితే నీళ్ల కేంద్రం నుంచి కాగితం పట్టుకురా, నీళ్లలో తేడా ఉందని వాళ్లు రాస్తే నీ జోలికి రాను, లేదంటే తాళాలు అప్పజెప్పాలి అన్నాడు.

"అప్పజెబితే నిన్ను ఎందులో వేస్తారు?" అంది సీసాలమ్మ.

"ఎందులోనూ వెయ్యరు. ఇంట్లో కూర్చోమంటారు."

సీసాలమ్మ ఆరోజు ఆఫీసులో మూడు వారాల అంకెలు వరసగా పెట్టుకుని చూసింది. ఒక్కటి కూడా హద్దు దాటలేదు. మనసు కొంచెం పీకింది, నిజమే. ఒక్క అంకె కాస్త అటూఇటూ అయితే వదిన గట్టెక్కుతుంది. కానీ సొంతమనిషి కోసం అంకె మార్చే రకం కాదు ఆమె. అలా మార్చకుండా ఉన్నందుకు తన భుజం తనే తట్టుకుంది కూడా. "వదినా, నీళ్లు బాగానే ఉన్నాయి" అంది ఇంటికొచ్చి.

"సరిగ్గా చూశావా?"

"రోజూ చూస్తూనే ఉన్నాను కదా."

వదిన చేతిలో పని ఆపింది. "సరే అయితే, ఉన్నదే రాయి" అంది. సీసాలమ్మ ఉన్నదనుకున్నదే రాసింది. నీరు అన్ని విధాలా సక్రమంగా ఉన్నదని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసింది. ఆ కాగితాన్ని వదిన మడతపెట్టి, తన చేత్తోనే తీసుకెళ్లి సూపరింటెండెంటుకిచ్చింది.

ఆ తర్వాత వదిన పోట్లాడలేదు. అదే చిత్రం. సూపరింటెండెంటు ఇంకో మాట అనకముందే, తప్పు తనదేనని రాసిచ్చేసింది. శనివారం మధ్యాహ్నం తాళాలు అప్పజెప్పడానికి ఒప్పుకుంది. మధ్యలో ఒకరోజు కళ్లద్దాల కొట్టుకి వెళ్లొచ్చింది. కొట్టువాడు అన్ని అక్షరాలూ చదివించి, మీ చూపు దివ్యంగా ఉందమ్మా అంటే, లేదు సరిగ్గా చూడు అని పట్టుబట్టి, వాడి చేత అద్దాలు చేయించుకుంది. ఇంట్లో అవి పెట్టుకుని గోడలు తడుముకుంటూ నడిచేది. సీసాలమ్మ జాలిపడి ఎదురెళ్లి చెయ్యి పట్టుకునేది. కానీ ఏం చేస్తుంది, అంకె అంకే.

గురువారం పొద్దున బాబాయ్ ఒక డబ్బా తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. దుకాణంవాడు వేసిన సీలు అలాగే ఉంది.

"ఏమిటిది?"

"కొత్త సీసా. స్టోరులోంచి రాయించి తెచ్చా. నేను ముట్టుకోలేదు, కడగలేదు. తమరే విప్పండి, తమరే నీళ్లు పట్టండి. రేపు అడుగున మడ్డి లేకపోతే నన్ను పంపించెయ్యండి" అన్నాడు. ఇన్నేళ్లూ నువ్వు అన్నవాడు ఆరోజు తమరు అన్నాడు. అది ఆమెకి చెంపదెబ్బలా తగిలింది, అందుకే కాదనలేకపోయింది.

తనే విప్పింది. శుభ్రమైన నీళ్లతో తనే కడిగింది. ఊరికి వెళ్లే గొట్టం దగ్గర, క్లోరిన్ కలిసిన తర్వాత ఉండే కుళాయి కింద తనే పట్టింది. నీళ్లు తేటగా ఉన్నాయి. బిరడా బిగించి బల్ల మీద పెట్టింది. శుక్రవారం పొద్దున వచ్చేసరికి బాబాయ్ అప్పటికే ఆ సీసా ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దాని అడుగున కాటుక వేలితో రాసినంత మడ్డి ఉంది.

ఆమె కుర్చీలో కూర్చుంది. కాసేపటికి లేచి, పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. సీసాని పట్టుకుని గట్టిగా ఊపింది. మడ్డి నీళ్లంతటా కలిసి, తేట నీళ్లు పల్చటి కాఫీ రంగుకి తిరిగాయి. మడ్డిని ఆమ్లంతో కరిగించి, మొత్తం నీళ్లని పరీక్షించింది. అందులో లోహం హద్దుకి ఐదింతలు వచ్చింది. నమ్మలేక మళ్లీ చేసింది. మళ్లీ ఐదింతలే.

తర్వాతదంతా చదువుకున్న మనిషికి అరగంటలో అర్థమయ్యే సంగతే. అర్థం కావాలని ఎవరూ ఇన్నాళ్లూ కూర్చోలేదు, అంతే. నది అడుగున, ఇసుకలో, మురికిని తిని బతికే సూక్ష్మజీవులుంటాయి. తినడానికి వాటికి నీళ్లలో కరిగిన గాలి కావాలి. చల్లటి నదిలో గాలి సరిపడా ఉంటుంది. నది వెచ్చబడితే నీళ్లలో గాలి తగ్గుతుంది, ఆ జీవులకి ఆకలి పెరుగుతుంది, పాచీ మురుగూ ఎక్కువై తిండీ పెరుగుతుంది. దాంతో ఉన్న గాలంతా ఒడ్డు దాటకముందే అయిపోతుంది. ఇసుక రేణువుల మీద మాంగనీసు అనే లోహం నల్లటి తుప్పులా అంటుకుని ఉంటుంది. గాలి ఉన్నంతకాలం అది కదలదు. గాలి లేని నీళ్లు తగిలితే కరిగి, కంటికి కనపడకుండా బావిలోకి వచ్చేస్తుంది. ఆ తేట నీళ్లలో క్లోరిన్ పడితే కొన్ని గంటల్లో మళ్లీ నల్లగా విడిపోయి అడుగుకి దిగుతుంది. లాండ్రీలో బ్లీచింగ్ పడితే అంతసేపు కూడా పట్టదు. అంటే, మరక పోవాలని వదిన వేసిన మందే మరక వేసింది. రోజూ మాంగనీసు సీసా అడుగుకి దిగాక, దాన్ని కదపకుండా, పైన మిగిలిన మంచి నీళ్లని పరీక్షించి, సీసాలమ్మ సంతకాలు పెట్టింది. పెద్దాయన చెప్పింది తు.చ. తప్పకుండా చేసింది. నెల కిందట నదికి వచ్చిన జ్వరం ఇప్పుడు కుళాయిల్లోంచి కారుతోంది.

ఆమె ముందు బాబాయ్ వైపు తిరిగింది. "తప్పు నాది బాబాయ్. నిన్ను అనరాని మాటలన్నాను."

"అన్నావులే" అన్నాడాయన. ఆ 'నువ్వు' తిరిగొచ్చినందుకు ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

బాబాయ్ ఎందుకు నెగ్గాడో ఆమెకి అప్పుడే తట్టింది. ఆమె మాట మీద ఆయనకి అంత నమ్మకం లేదు, తన చేతుల మీద ఉంది. వదిన విషయంలో అది తలకిందులైంది.

ఇంజనీరు ఒకంతట ఒప్పుకోలేదు. మన ఇసుక అలాంటిది కాదన్నాడు. ఇన్నేళ్లలో లేనిది ఇప్పుడెందుకొస్తుందన్నాడు. ఇన్నేళ్లలో నది ఇంత వేడెక్కలేదు సార్ అంటే, వాన పడితే అదే సర్దుకుంటుంది అన్నాడు.

"సర్దుకుంటుంది సార్. వరదొస్తే నీళ్లు ఇసుకలో నిలబడకుండా పరుగెత్తుకొస్తాయి, అప్పుడు రోగాల భయం. మళ్లీ ఎండాకాలం వస్తుంది, మళ్లీ ఇదే. ఇసుక ఓపికకీ ఒక హద్దు ఉంటుంది కదా."

 సోమవారం అందరం కూర్చుని మాట్లాడదాం, అంతవరకూ ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు అన్నాడు ఇంజనీరు. శనివారం మధ్యాహ్నం తర్వాత వచ్చే సోమవారం ఆమెకి ఎందుకు? ఇంటికి వెళ్లకుండా రాత్రంతా కేంద్రంలోనే కూర్చుని ఆలోచించి, శనివారం పొద్దున ఒక కాగితం తీసుకుని రాసింది. గత మూడు వారాలుగా నేను ఇచ్చిన అంకెలు తప్పు, తప్పు నా పద్ధతిలో ఉంది, నీరు హద్దు దాటింది, ఆసుపత్రికి నేనిచ్చిన కాగితాన్ని రద్దు చేస్తున్నాను అని. ఒక నకలు ఇంజనీరు బల్ల మీద పెట్టింది.  ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఆ భయం ఉంది, దాన్ని దాచుకోనూ లేదు. ఒక సీసాలో బావి నీళ్లు, క్లోరిన్ కలపనివి, నిండా పట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

వదిన అప్పటికే వెళ్లిపోయింది. మధ్యాహ్నం అన్నది పొద్దున్నే అప్పజెప్పేసిందట. తాళాల గుత్తి సూపరింటెండెంటు బల్ల మీదే ఉంది. ఆయన కాగితం చదివి, సొరుగులోంచి పాత కాగితం తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే."

"ఇది?"

"ఇదీ నాదేనండి."

"మరి ఏది నమ్మమంటారు?"

"నన్ను నమ్మొద్దు. మీ లాండ్రీ బ్లీచింగ్ తెప్పించండి" అని ఆమె సీసా బిరడా తీసి బల్ల మీద పెట్టింది. తెప్పించాడు. మూత నిండా తీసి, ఆయన చేతే పోయించింది. చూస్తుండగానే ఆ తేట నీళ్లు లేత పసుపు తిరిగి, గోధుమరంగై, చివరికి అచ్చం ఆ దుప్పట్ల మరక రంగుకి వచ్చి ఆగాయి. సూపరింటెండెంటు సీసా వంక చూశాడు, తాళాల వంక చూశాడు. "ఆవిడ తప్పని రాసిచ్చారండి, మేం బలవంతం చెయ్యలేదు" అన్నాడు. చెయ్యలేదు, నిజమే. "సోమవారం వచ్చి తాళాలు తీసుకోమనండి" అన్నాడు కాసేపటికి.

"మీరు పంపించండి. ఎవరికైనా ఇచ్చి ఇంటికి పంపించండి" అంది సీసాలమ్మ. అంత కటువుగా ఆమె మాట్లాడటం అక్కడెవరూ ఎరగరు. సూపరింటెండెంటు తలూపాడు.

ఆమె ఇల్లు చేరేసరికి వదిన పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కొత్త అద్దాలు ముక్కు మీద ఉన్నాయి. బకెట్లో ఒక దిండు గలీబు ఉంది. ఒకప్పుడు తెల్లది.

"ఏం చేస్తున్నావు?"

"ఉతికి చూస్తున్నా. మందు చెంచాతో కొలిచే వేశాను. అయినా వస్తోంది మరక."

"ఎన్నోసారి ఇది?"

"పదిహేడు."

సీసాలమ్మ పక్కన నేల మీద చతికిలబడింది. కాగితం నకలు వదిన తడి చేతిలో పెట్టింది. వదిన అద్దాల్లోంచి చూసి, అక్షరాలు అలుక్కుపోతే, వాటిని నుదుటి మీదికి నెట్టి, వట్టి కళ్లతో మొదటినుంచి చివరిదాకా గడగడా చదివింది. చదివి రెండోసారి చదివింది.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

"బాగానే ఉన్నాయి వదినా."

"ఆ సూపరింటెండెంటు అన్నప్పుడు నేను నమ్మలేదు తెలుసా? వాడి మొహం, వాడికేం తెలుసు అనుకున్నా. మొత్తం ఆసుపత్రి వచ్చి చెప్పినా నమ్మేదాన్ని కాదు. నువ్వు రాశావు కదా, అందుకని నమ్మాను" అంది వదిన. గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. సీసాలమ్మ వదిన మోకాలి మీద తల ఆనించి ఏడ్చింది, నలభై ఏళ్లు దాటిన మనిషి, చిన్నప్పుడు పేలు చూపించుకున్నట్టే కూర్చుని. వదిన తడి చెయ్యి ఆమె నెత్తిన పెట్టింది గానీ, ఊరుకో అనలేదు.

కాసేపయ్యాక, తాళాలు ఇంటికే పంపిస్తున్నారని, సోమవారం పనిలోకి రమ్మన్నారని సీసాలమ్మ చెప్పింది. వదిన గలీబుని పిండి తీగ మీద ఆరేసింది. అద్దాలు తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది.

"సోమవారం పనిలోకి వెళ్తే నీళ్లెలా ఉంటాయి?" అంది.

"అప్పటికీ ఇలాగే ఉంటాయి. వాన పడి, ఆ నీళ్లు ఇసుక దాటి వచ్చేదాకా ఇంతే. తెల్లగుడ్డలకి బ్లీచింగ్ వెయ్యకు, నేను వేరే మందు చెబుతా. తగ్గిన రోజు వచ్చి చెబుతాను."

"చెప్పు" అంది వదిన, ఖాళీ బకెట్ బోర్లిస్తూ. "ఈసారి ఊపి చూసి చెప్పు."